మోడల్ రైళ్ళ దుకాణం మూతపడేలోపు: పాలిటెక్నిక్, ఐటీఐ ప్రిన్సిపాళ్ళకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాలిటెక్నిక్, ఐటీఐ ప్రిన్సిపాళ్ళకు, వర్క్‌షాపు మాస్టార్లకు నమస్కారం.

నెల్లూరు చిన్నబజారు దగ్గర మేడ మీద ఉన్న మోడల్ రైళ్ళ దుకాణం ఈ నెలాఖరుకు మూతపడుతోంది. నలభై ఏళ్ళు దాటిన దుకాణం అది. మూయొద్దని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. దుకాణం నడిపే పెద్దాయనకు వయసు మీద పడింది, పిల్లలు వేరే ఊళ్ళలో స్థిరపడ్డారు, వ్యాపారం గిట్టుబాటు కావడం లేదు. మేము కోరేది ఒకటే. లోపలి సామాను పాత సామాన్ల వాడి తక్కెడ ఎక్కకముందే మీలో ఎవరో ఒకరు వచ్చి చూడండి. నచ్చితే మీ వర్క్‌షాపులో ఒక గది ఇచ్చి తీసుకెళ్ళండి. సరైన చోటికి వెళ్తుందంటే ఇంటివాళ్ళు ధర కోసం పట్టుబట్టరు.

గిట్టుబాటు ఎందుకు కాలేదో కాస్త చెప్పాలి. ఈ సామాను పోతే మళ్ళీ ఎందుకు దొరకదో కూడా అందులోనే తెలుస్తుంది. దిగుమతి ఆటవస్తువుల మీద కస్టమ్స్ సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి పెరిగింది, 2023లో 70 అయింది. సుంకాల పట్టికలో 9503 పద్దు కింద చంటిపిల్లల గిలక్కాయ, 1:87 కొలతలో (అసలు దానిలో 87వ వంతు) పళ్ళచక్రాలతో నడిచే ఇంజను రెండూ ఒకే గాటన పడతాయి. పది వేల ఇంజను ఓడ దిగితే సుంకమే ఏడు వేలు, ఆ పైన జీఎస్టీ. దీనికి తోడు 2021 జనవరి 1 నుంచి ఆటవస్తువులకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు కావాలంటే తయారుచేసే ఫ్యాక్టరీయే లైసెన్సు తీసుకోవాలి. మన దేశంలో అమ్ముడుపోయే నాలుగు ఇంజన్ల కోసం జర్మనీలోనో ఇంగ్లండులోనో కంపెనీవాడు ఆ తంటా పడతాడా? దేశంలో బొమ్మల పరిశ్రమకు ఈ విధానం మేలే చేసి ఉండొచ్చు, దాని మీద మాకు పేచీ లేదు. నలిగిపోయింది మాత్రం ఇలాంటి దుకాణాలు.

ఇంగ్లండులోనూ పరిస్థితి గొప్పగా లేదు. 1946లో లివర్‌పూల్‌లో మొదలై మోడల్ రైళ్ళ వ్యాపారంలో పెద్ద పేరు తెచ్చుకున్న హాటన్స్ కూడా 2024 జనవరిలో మూసేస్తున్నట్టు ప్రకటించింది. కాకపోతే అక్కడ ఒక దుకాణం పోతే ఇంకో ఊళ్ళో మరొకటి ఉంటుంది. మన రెండు జిల్లాల్లో ఇది పోతే స్పేరు ముక్క అడగడానికి ఇంకో గుమ్మం లేదు.

మేడెక్కినవాళ్ళంతా ముందు చూసేది పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న బల్లనే. రెండు లైన్లు, ఒక స్టేషను, చిన్న యార్డు ఉంటాయి. ఫొటోలు తీసుకునేదీ దాన్నే. మా లెక్కలో మాత్రం అది చివర తీసుకోవాల్సిన వస్తువు. ప్లైవుడ్డు మళ్ళీ కొనొచ్చు, పట్టాలు మళ్ళీ పరచొచ్చు. గోడ వారనున్న సొరుగులు, రిపేరు బల్ల, దాని మీది జిగ్గులు (ముక్కను సరైన చోట కదలకుండా పట్టి ఉంచే అచ్చులు) మళ్ళీ రావు. కార్బన్ బ్రష్షులు, వర్మ్ గేర్లు, చక్రాల జతలు, కరెంటు అందుకునే రాగి రేకులు, ఇంజను చక్రాలకు పట్టు కోసం తొడిగే సన్నటి రబ్బరు రింగులు అన్నీ ఆ సొరుగుల్లోనే ఉన్నాయి. అగ్గిపుల్ల తలకాయంత బ్రష్షు అరిగిపోతే ఇంజను ఆగిపోతుంది. ఆ ముక్క దొరకకపోతే మిగతా ఇంజనంతా షోకేసు పాలే.

అందుకని ముందు సొరుగుల సంగతి. గుండుగుత్తగా ఒకే అట్టపెట్టెలో కుమ్మరించవద్దు. సొరుగు పెద్దాయన అమర్చిన తీరులో ఎలా ఉందో అలాగే, దాని లేబులుతో సహా, ఒక్కో జిప్ కవరులోకి మార్చండి. లేబులు లేని ముక్కల్ని కొలిచి రాసుకోవాలి. గేరైతే పళ్ళు లెక్కపెట్టి, బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. పళ్ళ సంఖ్యకు రెండు కలిపి, ఆ మొత్తంతో వ్యాసాన్ని భాగిస్తే మాడ్యూల్, అంటే పళ్ళ సైజు తెలిపే అంకె వస్తుంది. ఆ అంకె, ఇరుసు రంధ్రం కొలత చాలు, రేపు కొత్త గేరు చేయించుకోవచ్చు. ప్లాస్టిక్ గేర్లను భూతద్దంతో చూడండి. ఏళ్ళు గడిచేకొద్దీ ప్లాస్టిక్ కుంచించుకుపోయి, ఇరుసును పట్టుకున్న చోట సన్నగా చీలుతుంది. చీలిన చోట రెండు పళ్ళ మధ్య సందు పెరిగి, చక్రం తిరిగినప్పుడల్లా ఇంజను టక్కుమని ఆగి కదులుతుంది. ఇలాంటి ఇంజన్లకు మోటారు మార్చి డబ్బు తగలేసేవాళ్ళే ఎక్కువ. తప్పు మోటారుది కాదు.

చక్రాల జతల్లో ముఖ్యమైన కొలత రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం. 16.5 మి.మీ. గేజికి (పట్టాల మధ్య దూరం) ఇది 14.4 మి.మీ. చుట్టుపక్కల ఉండాలి. పాతకాలపు లావు ఫ్లాంజి (చక్రం పక్క అంచు) చక్రాల్లో ఇది 14కు తక్కువగా ఉంటుంది. అలాంటి చక్రం తిన్నటి పట్టా మీద బుద్ధిగానే నడుస్తుంది, పాయింటు (రైలును ఇంకో లైనుకు మళ్ళించే చోటు) దగ్గర చెక్ రైలు (చక్రాన్ని దారిలో పెట్టే అదనపు పట్టా ముక్క) ఎక్కి పట్టాల నుంచి దిగిపోతుంది. పాయింటు చెడిందనుకుని దాన్ని పీకి పడేస్తారు. మీ టర్నర్ పిల్లలకు ఇది ఒక పూట పని: 14.4 మి.మీ. మందంతో ఇత్తడి దిమ్మ ఒకటి చేసి, చక్రాల మధ్య పెట్టి చూడటం. వదులుగా ఉంటే చక్రాల్ని మెలితిప్పుతూ దగ్గరికి నొక్కాలి, దిమ్మ పట్టకపోతే దూరంగా లాగాలి. పక్కకు వంచితే ఇరుసు వంకరపోతుంది.

పాత మోటార్ల దగ్గర ఒక్క జాగ్రత్త. బయటికి కనిపించే అయస్కాంతం ఉన్న పాత రకం మోటారును విప్పేటప్పుడు, ఆ అయస్కాంతాన్ని ఇనుప పోల్ ముక్కల నుంచి వేరుచేసి ఊరికే బల్ల మీద పెడితే బలం తగ్గిపోతుంది. మళ్ళీ బిగించాక మోటారు ఎక్కువ కరెంటు తాగి, తక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది. విప్పక తప్పకపోతే అయస్కాంతం రెండు చివరలకూ ఆనేలా ఒక మెత్తటి ఇనుప ముక్క అంటించి ఉంచండి. ఇప్పటికే నీరసించిన వాటికి సరిపడా కొలతలో చిన్న నియోడిమియం ముక్కలు పెడితే ప్రాణం లేచొస్తుంది. కమ్యుటేటర్ (బ్రష్షులు ఆనే రాగి చుట్టు) మీది సందుల్లో పేరుకున్న మసిని టూత్‌పిక్‌తో తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. గరుకు కాగితం వద్దు. నూనె సంగతి చెప్పకపోతే తప్పవుతుంది: మన ఇళ్ళల్లో చేతికందేది కొబ్బరి నూనే, అది కొన్నాళ్ళకు జిగురై గేర్లను పట్టేస్తుంది. ప్లాస్టిక్‌కు హాని చెయ్యని పల్చటి నూనె, సూది మొనతో ఒక్క చుక్క చాలు.

కొన్ని ఇంజన్లకు జింకు పోత అడుగుభాగం ఉంటుంది. పోతలో సీసం లాంటి మలినాలు కలిసి ఉంటే లోహం లోపలి నుంచి పగులుతూ ఉబ్బుతుంది. తేమ, వేడి దాన్ని ఇంకా తొందరపెడతాయి, మన సముద్రపు గాలికి రెండూ కొదవలేదు. గోటితో నొక్కితే పొడిగా రాలే వాటి మీద ఆశ వదులుకోండి, దానికి మందు లేదు. పక్కనున్న వాటికి అంటుకుంటుందని భయపడక్కర్లేదు, ఇది అంటురోగం కాదు. చక్రాలు, మోటారు, స్క్రూలు తీసుకుని అడుగుభాగం పారేయండి.

మార్క్లిన్ అనే జర్మన్ కంపెనీ సామాను పెట్టెలు కొన్ని ఉన్నాయి. వాటిని విడిగా కట్టండి. పాత మార్క్లిన్ మధ్యలో మూడో స్పర్శ ఉన్న పట్టా మీద ఏసీతో నడిచే రకం, చక్రాలకు ఇన్సులేషన్ ఉండదు. తీసుకొచ్చి రెండు పట్టాల 12 వోల్టుల డీసీ లైను మీద పెడితే వెంటనే షార్టు. పట్టాల్లోనూ తేడా ఉంది: కోడ్ 100 పట్టా ఎత్తు 2.54 మి.మీ., కోడ్ 75 అయితే 1.9. రెండూ కలిపితే కీలు దగ్గర మెట్టు పడుతుంది. ఇనుప పట్టాలుంటే తీసుకోవద్దు, మన దగ్గర ఒక వానాకాలానికే తుప్పు. నికెల్ సిల్వర్ పట్టాలే పనికొస్తాయి, పేరులో వెండి ఉన్నా అందులో ఉండేది రాగి, నికెలు, జింకే.

పాత కంట్రోలర్లను (పట్టాలకు కరెంటిచ్చి వేగం మార్చే పెట్టెలు) మాత్రం నేరుగా ప్లగ్గులో పెట్టే సాహసం ఎవరూ చేయొద్దు. కొన్నిటికి ఇనుప పెట్టె, రెండు తీగల కార్డు, ఎర్తు లేదు. ముందు 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీకి పెట్టెకు మధ్య చూడండి. ఒక మెగోమ్ కన్నా తక్కువ చూపితే చెత్తబుట్టే. లోపల పలకల పేర్పులా కనిపించేది సెలీనియం రెక్టిఫయరు. అది కాలితే ముక్కు పగిలే కంపు, ఆ పొగ మంచిది కాదు. దాని బదులు సిలికాన్ బ్రిడ్జి పెట్టొచ్చు, కాకపోతే సెలీనియంలో పోయేంత వోల్టేజీ ఇందులో పోదు కాబట్టి బయటికొచ్చేది పెరుగుతుంది. కొలవకుండా ఇంజనుకు ఇవ్వకండి.

ఇక బల్ల. దాన్ని మేడ మీదే కట్టారు, ఒకే ముక్క. మెట్ల మలుపులో పట్టదు. నాలుగేసి అడుగుల మూడు ముక్కలుగా కోయాలి. కోత గీత పాయింట్ల మీదుగా పోకుండా చూసుకోండి, పాయింటు కోస్తే ఆ పాయింటు పోయినట్టే. గీత ఎక్కడో తేలాక రంపం తీయడానికి తొందరపడొద్దు. గీతకు రెండు వైపులా, ఒక్కో పట్టా కింద ఒక్కో ఇత్తడి స్క్రూ బిగించండి. స్క్రూ తల పట్టా అడుగును తాకేటట్టు ఎత్తు సరిచేసి, పట్టాను దానికి టంకం వేయండి. అంటే ఒక్కో లైనుకు ఒక్కో గీత దగ్గర నాలుగు స్క్రూలు. ఇదంతా అయ్యాకే సన్నటి కటింగ్ డిస్కుతో పట్టాలు, ఆపైన ప్లైవుడ్డు కోయాలి. స్క్రూలు లేకుండా కోస్తే ప్లాస్టిక్ స్లీపర్లు పట్టాను నిలపలేవు. దించేటప్పుడు మోచెయ్యి తగిలితే పట్టా వంగుతుంది, మళ్ళీ కలిపేటప్పుడు అర మిల్లీమీటరు తేడా ఉన్నా ప్రతి చుట్టులో రైలు పెట్టెలు అక్కడే పడతాయి. టంకానికి రోజిన్ ఫ్లక్సే వాడండి, రేకు పనివాళ్ళ యాసిడ్ ఫ్లక్సు పట్టాను తింటుంది. సోల్డరింగ్ ఐరన్ బాగా వేడెక్కాక రెండు సెకన్లలో పని ముగించాలి. వేడి చాలని ఐరన్‌తో నిదానంగా చేసేవాళ్ళే స్లీపర్లు కరిగిస్తారు.

తీగలు కోయకముందు రెండు చివరలకూ ఒకే అంకె రాసిన ఫెర్రూల్ (తీగకు తొడిగే చిన్న గొట్టం) తొడగండి. రంగుల్ని నమ్ముకోవద్దు, అడుగున అన్ని తీగలకూ దుమ్ము రంగే. ముక్కల్ని మళ్ళీ కలిపేటప్పుడు ఒక్కో అతుకుకు రెండు ఎం8 బోల్టులు చాలు, కానీ బోల్టులు బిగిస్తాయే తప్ప సరిగ్గా వరసకు తేవు. వరసకు తెచ్చేది డవెల్ పిన్నులు, అవి తప్పనిసరి. మీ ఫిట్టర్ మాస్టారికి ఈ ముక్క చెప్పనవసరం లేదు.

గది ఎంత కావాలి? పదహారడుగులకు ఎనిమిది. చాలామంది బల్లను గోడకు జరిపేస్తారు. మనిషి వంగితే చెయ్యి అందేది రెండున్నర అడుగులే, అవతలి లైనులో పెట్టె పడితే బల్ల మీదికి ఎక్కి తీయాల్సి వస్తుంది. అందుకే నాలుగు వైపులా రెండడుగుల చోటు వదలాలి. పైన కారని కప్పు, నేరుగా ఎండ పడని కిటికీ ఉంటే చాలు. ఏసీ అక్కర్లేదు. కొత్త ప్లైవుడ్డు కొంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకమే తీసుకోండి, మామూలుది ఒక వానాకాలంలో వంగుతుంది, దాంతో పట్టాల లెవలు పోతుంది. బీరువాలో దాచే పెట్టెల్లో నాఫ్తలీన్ గోళీలు వేయకండి. ఆ ఆవిరికి పాలీస్టైరీన్ బాడీలు మెత్తబడి జిగటగా తయారవుతాయి. పురుగులకు, తేమకు సిలికా జెల్ సంచి, గట్టి మూత ఉన్న డబ్బా చాలు.

కరెంటు పంపకంలో ఆ బల్లకు ఒక లోపం ఉంది, మీరు దాన్ని సరిచేయాల్సి వస్తుంది. మొత్తం చుట్టుకు రెండు చోట్లే తీగలు ఇచ్చారు, మిగతా దూరమంతా పట్టాలు, వాటిని కలిపే ఫిష్‌ప్లేట్ల మీదుగానే కరెంటు పోతుంది. నికెల్ సిల్వర్ వాహకత రాగిలో పదో వంతు కూడా లేదు. పైగా మన తేమకు ఫిష్‌ప్లేట్లు నల్లబడి, అవతలి మూల ఇంజను నీరసిస్తుంది. బల్ల కింద 1.5 చదరపు మి.మీ. రాగి తీగలు రెండు చుట్టూ తిప్పి, ప్రతి పట్టా ముక్కకూ 0.5 చదరపు మి.మీ. తీగతో విడిగా కరెంటు ఇవ్వండి. ఆ రాగి తీగ పోనూ రానూ ఇరవై మీటర్లయినా నిరోధం పావు ఓమ్‌కు మించదు. ఎలక్ట్రీషియన్ ట్రేడు పిల్లల చేత ముందు, తర్వాత రెండుసార్లూ వోల్టేజీ పడిపోవడం కొలిపించండి. పుస్తకంలో లెక్క కళ్ళముందు నడుస్తుంది.

పాయింట్లను కదిలించేవి కాయిల్ మోటార్లు. వాటికి క్షణకాలం గట్టి తోపు చాలు. స్విచ్చు నొక్కి పట్టుకుంటే కాయిల్ కాలిపోతుంది, పిల్లలు పట్టుకునే ఉంటారు. 4,700 మైక్రోఫారడ్, 35 వోల్టుల కెపాసిటరును నింపుకుని ఒక్కసారిగా వదిలే చిన్న సర్క్యూటు మధ్యలో పెట్టండి. స్విచ్చు ఎంతసేపు నొక్కినా వెళ్ళేది ఆ ఒక్క తోపే. కాలిపోయిన కాయిళ్ళ చోట చిన్న సర్వో మోటార్లు పెట్టుకోవచ్చు. ఎలక్ట్రానిక్స్ పిల్లలకు ఆర్డుయినో అలవాటే కదా. డీసీసీకి (ఇంజనులో డీకోడర్ అనే చిన్న చిప్పు పెట్టి, పట్టాల ద్వారా డిజిటల్ ఆజ్ఞలు పంపే పద్ధతి) మారాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: పాత ఇంజన్లలో ఒక బ్రష్షు నేరుగా అడుగుభాగపు లోహానికి తగులుతుంది. దాన్ని వేరుచేయకుండా డీకోడర్ పెడితే మొదటి సెకనులోనే మాడిపోతుంది. చక్రాల్ని వేలితో ఆపి 12 వోల్టులిచ్చి, ఒక్క క్షణం ఎంత కరెంటు లాగుతుందో చూడండి. డీకోడర్ తట్టుకునేదాని కన్నా ఎక్కువైతే ముందు మోటారు మార్చాలి.

డిప్లొమా సివిల్, మెకానికల్ పిల్లలకు ఇందులో లెక్కలు దండిగా ఉన్నాయి. మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ., 87తో భాగిస్తే 19.3 రావాలి. అమ్మే పట్టా 16.5, ఎందుకంటే ఆ కొలత యూరపు 1,435 గేజికి చేసింది. మన రైళ్ళ మోడళ్ళు కొంచెం సన్నటి కాళ్ళ మీద నిలబడ్డట్టు కనిపించేది అందుకే. చెన్నై ఐసీఎఫ్ ఫ్యాక్టరీ రైలు పెట్టె పొడవు 21.337 మీటర్లు, మోడల్‌లో 245 మి.మీ. బోగీ కేంద్రాల మధ్య దూరం 14.783 మీటర్లు, అంటే 170 మి.మీ. బల్ల మీద లోపలి లైను వంపు వ్యాసార్ధం 438 మి.మీ. ఆ వంపులో పెట్టె నడుము 8 మి.మీ. లోపలికి, చివరలు సుమారు 9 మి.మీ. బయటికి జరుగుతాయి. వంపు మీద ప్లాట్‌ఫారం అంచు ఎంత వెనక్కి కట్టాలో పిల్లలు లెక్కగట్టి, పెట్టెను తోసి సరిచూసుకోవచ్చు. అసలు లైన్లో పది డిగ్రీల వంపు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం, మోడల్‌లో రెండు మీటర్లు కావాలి. నాలుగడుగుల బల్ల మీద అది జరిగే పని కాదు, అందుకే పొడుగు పెట్టెలు అక్కడ అంత వికారంగా తిరుగుతాయి. కొత్తగా ఏదైనా కట్టాలనిపిస్తే గుండ్రటి చుట్టు వదిలేసి, గోడ పొడవునా ఒక యార్డు కట్టండి. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో కళకళలాడిన బిట్రగుంట పక్కనే ఉంది, నమూనా కోసం దూరం పోనక్కర్లేదు.

పట్టాల కింద పరిచే కంకరకు డబ్బు పెట్టొద్దు. చీమకుర్తి గ్రానైటు పాలిషింగు యూనిట్ల దగ్గర రాతి నుసి గుట్టలుగా ఉంటుంది. టీ జల్లెడలో జల్లించి, అర మిల్లీమీటరు చుట్టుపక్కల పలుకు తీసుకోండి. కడిగి ఆరబెట్టాక కాగితంలో చుట్టిన అయస్కాంతాన్ని దాని మీద పదే పదే తిప్పండి. అతుక్కున్న నల్లటి పలుకు పారేయాలి, లేకపోతే అది ఎగిరి మోటారు అయస్కాంతానికి పట్టుకుని లోపల గీకుతుంది. పరిచాక ముందు నీళ్ళు చిలకరించి, ఫెవికాల్, నీళ్ళు సమానంగా కలిపి, గిన్నెల సబ్బు ఒక చుక్క వేసి డ్రాపరుతో వదలండి. సబ్బు చుక్క లేకపోతే జిగురు పైనే ముత్యాల్లా నిలిచి, నుసిని గడ్డలు కట్టిస్తుంది.

ఇంకో మాట నిర్మొహమాటంగా. ఇలాంటి బల్లలు కాలేజీలకు చేరాక ఏమవుతుందో అందరికీ తెలిసిందే. అద్దాల గది కడతారు, తనిఖీ రోజున తాళం తీస్తారు, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది, ఆయనకు బదిలీ అవుతుంది. వాడని పట్టా నల్లబడుతుంది, కదలని మోటారులో నూనె గడ్డకడుతుంది, రబ్బరు రింగులు బిరుసెక్కి పగులుతాయి. వారానికి ఒక గంట నడపలేని కాలేజీ దయచేసి బల్ల అడగొద్దు, సొరుగులు మాత్రం తీసుకోండి. ఒకరు సొరుగులు, ఒకరు బల్ల తీసుకున్నా మాకు సమ్మతమే. జిగ్గుల్ని మాత్రం సొరుగుల నుంచి విడదీయకండి.

ఆదివారాలు ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా దుకాణం మీకోసం తెరిచి ఉంటుంది, మాలో ఇద్దరు ముగ్గురం అక్కడే ఉంటాం. తీసుకెళ్ళాక మీ గదిలో బల్ల నిలబెట్టి మొదటి రైలు తిరిగేదాకా శని, ఆదివారాలు మేము వస్తాం. భోజనం, బండి ఖర్చు కూడా అడగం. వచ్చేటప్పుడు వెర్నియర్, మల్టీమీటరు, మెగ్గరు ఉంటే అదీ, రెండు మూడు సైజుల జిప్ కవర్లు, చెరగని మార్కరు తెచ్చుకోండి. మొదటి రోజు సొరుగులకే సరిపోతుంది కాబట్టి వ్యాను తేవద్దు, కారు డిక్కీ చాలు. బల్ల కోసం వచ్చే రోజు మాత్రం నలుగురు మనుషులు కావాలి, మెట్లు ఇరుకు.

ఇట్లు,
నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల మోడల్ రైళ్ళ అభిమానులు